గోడకు తగిలించిన రెయిన్‌డీర్ లైకెన్‌కు నీళ్లు పోయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ శీర్షిక కింద ఈమధ్య వచ్చిన ఒక వ్యాసం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. చెక్క చట్రంలో మెత్తని పచ్చని గుబుర్లను అతికించి గోడకు తగిలించుకునే ఫలకాలను మెచ్చుకుంటూ, అవి ప్రాణమున్న నాచుతో తయారైనవనీ, వారానికొకసారి నీళ్లు చల్లితే ఏపుగా పెరుగుతాయనీ, ఒక ముక్క తుంచి కుండీలో పెడితే మరో గుబురు తయారవుతుందనీ, పైగా గదిలోని గాలిని శుభ్రం చేస్తాయనీ ఆ వ్యాసం చెప్పింది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కొత్తగా కట్టుకున్న ఇళ్లలో, దంతవైద్యుల గదుల్లో, బట్టల దుకాణాల్లో ఈ ఫలకాలు ఇప్పుడు బాగానే కనబడుతున్నాయి. మా వీధిలో ఒకరు ఆ సలహాను అక్షరాలా పాటించగా, ఫలకంలోని ఆకుపచ్చ రంగు కరిగి, సంక్రాంతికి వేయించిన కొత్త సున్నం మీదుగా చారలు కట్టింది. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన దానిని గనుక వాళ్లు నన్ను అడిగారు. వాళ్లకు చెప్పిన సంగతులే మరికొంత విపులంగా మీ పాఠకులకూ చెప్పాలనిపించింది.

ఆ ఫలకాల్లో ఎక్కువగా వాడేది క్లాడోనియా స్టెల్లారిస్ అనే లైకెన్. క్లాడోనియా రాంజిఫెరినా దీనికి దగ్గరి జాతి. ధ్రువప్రాంతపు చలికాలంలో రెయిన్‌డీర్ జింకలకు ఇవే ప్రధానమైన మేత కాబట్టి ఈ కోవకు చెందినవాటిని కలిపి రెయిన్‌డీర్ లైకెన్లు అంటారు. బజారులో వీటిని నాచు అనే అమ్ముతారు, ఆ పేరు మీద నాకు పేచీ లేదు. అందులో ప్రాణం ఉందన్న మాట మీదనే నా అభ్యంతరం. నార్వే, ఫిన్లాండ్ వంటి దేశాల్లో వాన పడ్డ తరువాత తడిగా, మెత్తగా ఉన్నప్పుడు వీటిని చేత్తో ఏరి, శుభ్రం చేసి, గ్లిజరిన్ వంటి ద్రవాల్లో నానబెట్టి, రంగు వేసి ఎగుమతి చేస్తారు. గ్లిజరిన్ పట్టిన తరువాత అది మెత్తగా ఉంటుందే తప్ప బతికి ఉండదు. అసలు రంగు కూడా మనం చూసే చిలకపచ్చ కాదు. స్టెల్లారిస్ లేత పసుపు కలిసిన పాలిపోయిన ఆకుపచ్చగా ఉంటుంది, దానికి కారణం అందులోని అస్నిక్ ఆమ్లం. రాంజిఫెరినాలో ఆ ఆమ్లం లేదు గనుక అది బూడిద రంగులో ఉంటుంది.

లైకెన్ అంటే ఒక శిలీంధ్రమూ (ఫంగస్) ఒక శైవలమూ (ఆల్గే) విడదీయరానంతగా కలిసి బతికే జీవనం. ఈ సంగతిని 1860ల చివర్లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ ప్రకటించినప్పుడు ఆనాటి లైకెన్ నిపుణులే చాలామంది ఒప్పుకోలేదు, కొందరు ఎగతాళి కూడా చేశారు. రెయిన్‌డీర్ లైకెన్‌లో కంటికి కనిపించే ఆకారమంతా శిలీంధ్రం కట్టుకున్నదే. దాని దారాల మధ్య ఆస్టెరోక్లోరిస్ అనే ఏకకణ ఆకుపచ్చ శైవలం ఇమిడి ఉంటుంది. శైవలం సూర్యకాంతితో పిండిపదార్థం తయారుచేసి రిబిటాల్ అనే చక్కెర ఆల్కహాలు రూపంలో శిలీంధ్రానికి అందిస్తుంది, శిలీంధ్రం దాన్ని తనకు అనువైన మానిటాల్‌గా మార్చుకుంటుంది. మొదట నేల మీద పలుచని పొలుసులాంటి థాలస్, అంటే లైకెన్ శరీరం, ఏర్పడి త్వరలోనే కనుమరుగైపోతుంది. దాని నుంచి లేచిన బోలు కాడలు మాత్రం మిగిలి, కొమ్మలు కొమ్మలుగా చీలుతూ, వేలెడంత ఎత్తు గుబురుగా పెరుగుతాయి. ఇతర లైకెన్లలో చాలావాటికి పైన గట్టి పొర ఉంటుంది, వీటికి అది లేదు. అందుకే భూతద్దంలో చూస్తే ఉపరితలం సాలెగూడు కప్పినట్టు నూగునూగుగా కనిపిస్తుంది. రాంజిఫెరినా కొమ్మల చివళ్లు తరచుగా ఒకే పక్కకు వంగి ఉంటాయి. స్టెల్లారిస్ చివళ్లు నక్షత్రంలా విచ్చుకుని గుబురు మొత్తం గుండ్రంగా ఉంటుంది. అలంకరణకు దాన్నే కోరుకోవడానికి ఆ గుండ్రదనమే కారణం.

ఇక నీళ్ల విషయం. లైకెన్‌కు వేరు లేదు, కాడలో నీటిని మోసే నాళాలు లేవు, నీటిని దాచుకునే ఏర్పాటూ లేదు. వాన, మంచు, పొగమంచు, తేమగాలి ఏది తగిలితే దాన్ని ఒళ్లంతా పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే కొద్ది గంటల్లోనే ఆ తేమనంతా పోగొట్టుకుంటుంది. ఎండినప్పుడు వేళ్ల మధ్య నలిపితే అప్పడంలా విరిగిపోతుంది, తడిస్తే కొన్ని నిమిషాల్లోనే మెత్తబడి మళ్లీ పని మొదలుపెడుతుంది. అంటే దాని జీవితం తడిసిన గంటల్లోనే నడుస్తుంది, తక్కిన కాలమంతా నిద్ర. ఆ నిద్రలో ఉన్నప్పుడు అది తట్టుకోలేనిదంటూ దాదాపు లేదు. ఎండిన లైకెన్లను ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రతకు, అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీలకు, చల్లబరిచి మళ్లీ తడిపినా బతికిన దాఖలాలు ఉన్నాయి. 2005లో యూరోపియన్ అంతరిక్ష సంస్థ రెండు రకాల శిలా లైకెన్లను సుమారు రెండు వారాల పాటు ఆరుబయట అంతరిక్షంలో ఉంచి వెనక్కు తెస్తే అవి మళ్లీ కిరణజన్య సంయోగక్రియ జరిపాయి. ఇటువంటి వార్తలు చదివే కాబోలు, ఇంత మొండిదానికి నెల్లూరు ఒక లెక్కా అని మన వ్యాసకర్త అనుకున్నారు.

కాని ఆ మొండితనం ఎండి ఉన్నప్పటిది. తడిగా ఉన్నప్పుడు దాని అవసరాలు చాలా సున్నితమైనవి, అవి తీరే చోటు ధ్రువప్రాంతపు టండ్రా, దానికి దిగువన ఉన్న పైన్, స్ప్రూస్ అడవుల్లోని బహిరంగ ప్రదేశాలు. నీరు నిలవని ఇసుక నేల లేదా రాతి నేల కావాలి, అది ఆమ్లగుణం కలిగి ఉండాలి, ఎరువు ఉండకూడదు. ఎరువు ఉంటే గడ్డీ పొదలూ లేచి నీడ కప్పుతాయి, లైకెన్ వాటితో ఎత్తులో పోటీ పడలేదు. వెలుతురు బాగా కావాలి. గాలి చల్లగా ఉండాలి. సున్నాకు దిగువన కూడా కొంతమేర కిరణజన్య సంయోగక్రియ జరపగల శక్తి దీనికి ఉంది, అయితే బాగా ఎదిగేది వేసవి, శరత్కాలాల్లో, ఉష్ణోగ్రత పది పదిహేను డిగ్రీల దగ్గర ఆడుతూ చినుకులు పడే రోజుల్లో. చలికాలంలో మంచు దుప్పటి కింద ఉండి, ఎండబెట్టే ఈదురుగాలుల నుంచి కాపాడుకుంటుంది.

మన దగ్గర ఏమవుతుందో ఒకసారి చూద్దాం. తడిసిన లైకెన్ పగలు వెలుతురులో ఆహారం తయారుచేసుకుంటుంది, పగలూ రాత్రీ శ్వాసిస్తూ దాన్ని ఖర్చు పెడుతుంది. వేడి పెరిగేకొద్దీ శ్వాసక్రియ వేగం పెరుగుతుంది. ధ్రువప్రాంతంలో రాత్రి చల్లదనం వల్ల ఖర్చు తక్కువ, పగటి సంపాదన మిగులుతుంది. నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, గాలిలో తేమ పుష్కలంగా ఉంటుంది కాబట్టి లైకెన్ రాత్రంతా తడిగానే ఉంటుంది, కాని కార్తీకమాసపు రాత్రి కూడా ఇక్కడ 20 డిగ్రీలకు దిగడం అరుదు. ఆ వెచ్చని తడి రాత్రుల్లో పగలు సంపాదించినదంతా ఖర్చయిపోయి అప్పు మిగులుతుంది. వేసవి సంగతి చెప్పనే అక్కరలేదు: రోహిణి కార్తె ఎండలో, ఎండి ఉన్న లైకెన్ అయితే ఓర్చుకోగలదేమో, మనం నీళ్లు చల్లి తడిపామంటే ఆ వేడికే చనిపోతుంది. ఏసీ గదిలో పెంచవచ్చు కదా అని ఒక విద్యార్థి అడిగాడు. ఏసీ గది గాలి పొడిగా ఉంటుంది, వానా మంచూ రావు, కిటికీ తెర వేసిన గదిలో వెలుతురు చాలదు. సజీవ లైకెన్‌నే తెచ్చి పెట్టినా అక్కడ అది నిద్రలోనే ఉండి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోతుంది. ఇక గ్లిజరిన్ పట్టించిన ఫలకానికి ఈ బాధలేవీ లేవు.

పెరుగుదల వేగం తెలిస్తే ఏపుగా పెరుగుతుందన్న మాట ఎంత దూరమో అర్థమవుతుంది. మంచి పరిస్థితుల్లోనే రెయిన్‌డీర్ లైకెన్ ఏడాదికి సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్థూలంగా ఏడాదికొక కొత్త కణుపు, కణుపుకొక చీలిక వస్తుంది కాబట్టి కణుపులు లెక్కపెట్టి దాని వయసు అంచనా వేస్తారు. ఆ లెక్కన ఫలకంలోని ఆరు సెంటీమీటర్ల గుబురు వయసు దాదాపు పదిహేనేళ్లు. మొదటి పది పదిహేనేళ్లు గుబురు ఎత్తు పెరుగుతూ పోతుంది. తరువాత పైన ఎంత పెరుగుతుందో అడుగున అంత చనిపోతూ ఎత్తు నిలకడగా ఉండే దశ వస్తుంది, అది కొన్ని దశాబ్దాలు సాగుతుంది. చివరకు అడుగు కుళ్లడం పైపెరుగుదలను మించిపోయి గుబురు క్షీణిస్తుంది. రెండో దశలో ఉన్న గుబురు అడుగుభాగాన్ని చూస్తే నల్లబడి, చివికి, నేలతో సంబంధం తెగిపోయినట్టుంటుంది. నిజానికి ఆ సంబంధం అవసరం కూడా లేదు, గాలి ఎగరగొట్టకుండా ఉంటే చాలు.

ముక్క తుంచి పెడితే మరొకటి వస్తుందన్న మాట దగ్గర మాత్రం వ్యాసకర్తను పూర్తిగా తోసిపుచ్చలేను. ప్రాణమున్న లైకెన్ విషయంలో, అది పుట్టి పెరిగిన చోట, ఆ మాట నిజం, ఇంకా చెప్పాలంటే దాని వ్యాప్తి ముఖ్యంగా అలాగే జరుగుతుంది. కొమ్మల చివళ్లలో గోధుమరంగు చిన్న గుండ్ల వంటి ఫలనాంగాలు అప్పుడప్పుడు వస్తాయి, స్టెల్లారిస్‌లో అవి మరీ అరుదు. వాటి నుంచి వెలువడే సిద్ధబీజాలు (స్పోర్లు) శిలీంధ్రానివి మాత్రమే. గాలికి కొట్టుకుపోయి ఎక్కడో పడిన సిద్ధబీజం మొలకెత్తి, తనకు సరిపడే శైవలం దగ్గరలో దొరికితేనే లైకెన్‌గా మారుతుంది, దొరకకపోతే అంతటితో సరి. కొన్ని లైకెన్లు ఈ చిక్కు తప్పించుకోవడానికి శైవల కణాలను శిలీంధ్రపు దారాలతో చుట్టి సోరీడియా అనే పొడిగా తయారుచేసి వెదజల్లుతాయి, రెయిన్‌డీర్ లైకెన్లకు ఆ ఏర్పాటూ లేదు. అందుచేత వాటికి మిగిలిన దారి విరగడం. ఎండి పెళుసుబారిన గుబురు మీద జింక గిట్ట పడితే అది వందల ముక్కలవుతుంది. ప్రతి ముక్కలోనూ శిలీంధ్రమూ శైవలమూ రెండూ ఉంటాయి గనుక ప్రతి ముక్కా పూర్తి లైకెనే. కొన్ని గాలికి దొర్లుతాయి, కొన్ని మంచు మీద జారుతాయి, కొన్ని జింక కాళ్లకు అంటుకుని పోతాయి. నాచులోనో, రాలిన ఆకుల మధ్యనో, రాతి సందులోనో చిక్కుకుని కదలకుండా ఉన్న ముక్క తడిసినప్పుడల్లా కాస్త కాస్త పెరిగి, కొన్నేళ్లకు కొత్త కొమ్మ వేస్తుంది. చిక్కుకోని ముక్క గాలితోనే తిరుగుతూ అరిగిపోతుంది.

ఈ గుణాన్ని ఆధారం చేసుకునే స్వీడన్‌లో పరిశోధకులు, చెట్లు నరికిన, నేల చెదిరిన పైన్ అడవుల్లో లైకెన్ ముక్కలను చేత్తో చల్లి మేతబీళ్లను తిరిగి పెంచే ప్రయత్నాలు చేశారు. అక్కడ ముక్కలు నిలదొక్కుకున్నాయి, అయినా మేతకు పనికివచ్చే మందం రావాలంటే ఏళ్ల తరబడి ఆగవలసిందే. ప్రయోగశాలలో ఈ శిలీంధ్రాన్నీ శైవలాన్నీ విడదీసి వేర్వేరుగా పెంచడం సాధ్యమే గాని, వాటిని మళ్లీ కలిపి అడవిలో కనిపించే గుబురు ఆకారం తెప్పించడం ఈనాటికీ చాలా కష్టమైన పని. కాబట్టి పొలాల్లో పండించినట్టు పండించి ఫలకాలకు వాడుతున్నారనే ఊహ ఎవరికైనా ఉంటే అది సరికాదు. అంగట్లో ఉన్నదంతా అడవి నుంచి ఏరినదే. ఫిన్లాండ్‌లో అడవి పండ్లు, పుట్టగొడుగులు ఎవరైనా స్వేచ్ఛగా కోసుకోవచ్చు, లైకెన్ ఏరడానికి మాత్రం నేల యజమాని అనుమతి తప్పనిసరి. ఆ తేడా ఎందుకో పెరుగుదల అంకెలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తొందరపడి తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవి ఉదాహరణ చాలు. 1944లో అమెరికా తీరరక్షక దళం ఆ దీవిలో 29 రెయిన్‌డీర్లను వదిలింది. అప్పటికి అక్కడ వాటిని వేటాడే జంతువు లేదు, నేల నిండా మందమైన లైకెన్ పరుపు ఉంది. 1963 నాటికి జింకలు సుమారు 6,000 అయ్యాయి, లైకెన్ దాదాపు హరించుకుపోయింది. ఆ మరుసటి కఠినమైన చలికాలంలో మంద కూలిపోయి, 1966లో చూసేసరికి 42 జింకలు మాత్రమే మిగిలాయి. జింకలు పోయిన తరువాత గడ్డి వచ్చినంత త్వరగా లైకెన్ రాలేదు. అడవి తగలబడినా ఇదే కథ: కెనడాలోని స్ప్రూస్ అడవుల్లో నిప్పు పడిన చోట మొదట వేరే చిన్న క్లాడోనియాలు వచ్చి, తరువాత రాంజిఫెరినా వచ్చి, స్టెల్లారిస్ మళ్లీ నేలంతా పరుచుకునేసరికి సుమారు ఒక శతాబ్దం పడుతుంది.

గాలిని శుభ్రం చేస్తుందన్న మాట గురించి కూడా చెప్పాలి. చనిపోయినది గాలిని శుభ్రం చేయదు, అది సరే. బతికి ఉన్న లైకెన్ కూడా శుభ్రం చేయడం కంటే గాలిలోని మాలిన్యానికి బలి కావడమే ఎక్కువ, ఎందుకంటే పైన పొర లేక, వడపోత లేక, గాలీ వానా తెచ్చినదంతా లోపలికి తీసుకుంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ దానికి విషం. పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానంలో లైకెన్లను పరిశీలించి, నగరపు గాలి స్థితికి అవి గుర్తు కాగలవని ఫిన్లాండ్‌కు చెందిన లైకెన్ నిపుణుడు నైలాండర్ 1866లోనే రాశాడు. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలినప్పుడు గాలిలో కలిసిన రేడియోధార్మిక సీజియం స్కాండినేవియా కొండల మీద వానతో కురిసి లైకెన్లలో నిలిచిపోయింది, వాటిని మేసిన జింకల మాంసంలోకి చేరింది. రెయిన్‌డీర్లను పెంచుకుని బతికే సామీ తెగల జీవనాధారం దెబ్బతింటుందని నార్వే ప్రభుత్వం ఆ సంవత్సరమే రెయిన్‌డీర్ మాంసానికి అనుమతించే పరిమితిని కిలోకు 600 బెక్వెరెల్‌ల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) నుంచి 6,000కు పెంచవలసి వచ్చింది. ఇటువంటి జీవిని గది గాలి శుభ్రం చేసే సాధనంగా అమ్మడం చూస్తే నవ్వాలో బాధపడాలో తెలియదు.

లైకెన్ల మీద ఆసక్తి కలిగిన పాఠకులు ఇంత దూరం చూడనక్కరలేదు. ఉదయగిరి దుర్గం ఎక్కే దారిలోని బండల మీద, పెంచలకోన చుట్టూ ఉన్న వెలికొండ అడవుల్లోని చెట్ల మీద, ఊళ్లలోని పాత చింతచెట్ల మొదళ్ల మీద బూడిద, పసుపు రంగుల్లో అంటుకుని ఉండే మచ్చలు లైకెన్లే. అవి ఈ వేడికి, ఈ తేమకు అలవాటుపడిన వేరే జాతులు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఎండిన లైకెనే, దాన్ని ఒక గిన్నెడు నీళ్లలో వేసి ఎంత త్వరగా మెత్తబడుతుందో పిల్లలకు చూపించవచ్చు. అదీ మెత్తబడుతుందే గాని బతికి రాదు.

ఫలకాలు ఇప్పటికే కొనుక్కున్నవారు వాటిని పారేయనక్కరలేదు. నీళ్లు చల్లవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు, ఎండ నేరుగా పడే గోడకు తగిలించవద్దు. దుమ్ము పడితే మెత్తని పొడి కుంచెతో దులిపితే చాలు. వేసవిలో అది గట్టిపడినట్టు అనిపించినా కంగారుపడి తడపనవసరం లేదు, వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే గ్లిజరిన్ ఆ తేమను పీల్చుకుని మళ్లీ మెత్తబడుతుంది. తేమ మరీ ఎక్కువైన రోజుల్లో రంగు చేతికి అంటవచ్చు కాబట్టి వంటగదిలోనూ స్నానాల గది పక్కనా పెట్టకపోవడం మంచిది. కొత్తగా కొనేవారు, అది ఏ దేశం నుంచి వచ్చిందో, నేల యజమాని అనుమతితో ఏరినదా కాదా అని దుకాణదారుని అడగాలి. చాలామంది దుకాణదారులకు తెలియదు, పెట్టె మీద కూడా సాధారణంగా ఉండదు, అయినా అడిగేవారు ఉంటే తెప్పించేవారు కనుక్కుంటారు.

మీ అనుబంధంలో వచ్చే వారం అదే శీర్షిక కింద, ఆ ఫలకాల్లోని లైకెన్ నిర్జీవమైనదనీ, దానికి నీళ్లు చల్లరాదనీ కనీసం రెండు పంక్తుల సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. స్థలం ఉంటే ఈ ఉత్తరంలోని వివరాలను మీ అవసరం మేరకు కుదించి వాడుకోవచ్చు.

ఇట్లు,
వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు,
నెల్లూరు.